కనకత్త చెప్పిన చక్రాల కుర్చీ సీరియల్

ఆ రోజు ఏలూరు రోడ్డు మీద నేను ముందుకు వచ్చేశాను, నా ఎడమ కాలి చెప్పు వెనక ఉండిపోయింది. పది గజాలు దాటాక సోడా బండి ఆయన కేకేశాడు.

"ఏవండోయ్ గళ్ళ చొక్కా! మీ చెప్పు ఇక్కడుండిపోయింది!"

కిందికి చూసుకున్నాను. నిజమే. ఆ సంగతి కాలు నాకు తెలియజేయలేదు. మే నెల మధ్యాహ్నం, విజయవాడ తారు రోడ్డు మీద వట్టి కాలు పెట్టి నిలబడ్డాను. వేడిగా అనిపించలేదు. విజయవాడలో మే నెలలో ఏదైనా వేడిగా అనిపించలేదంటే అనుమానించాలి. నేను అనుమానించలేదు. చెప్పు తొడుక్కుని ఆయనకు థాంక్స్ చెప్పి వచ్చేశాను.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. బి.కాం. చదివి, వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్టులో పని చేస్తున్నాను. రోజంతా తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పి చూపించడం నా ఉద్యోగం. కాళ్ళు తిమ్మిరెక్కడం మా వృత్తిలో అందరికీ ఉండేదే అనుకున్నాను. మర్నాటికి తిమ్మిరి రెండు పాదాల నుంచీ మోకాళ్ళకు పాకింది. మా వీధి చివర ఇంజక్షన్లు చేసే ఒకాయన "నీరసం" అని బలానికి సూది వేశాడు. రెండో రోజు ఇంకోటి వేశాడు. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి నేల మీద కూర్చున్నాను. కూర్చోవాలన్న ఉద్దేశం నాకు లేదు.

ఆస్పత్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరాలట. ఎగరలేదు. రెండో కాలూ అంతే.

"ఈ మధ్య మోషన్స్ ఏమైనా అయ్యాయా?"

"ఉయ్యూరులో పెళ్ళి భోజనం చేశాక అయ్యాయండీ. మా ఆవిడ తరఫు చుట్టాలు..."

"చుట్టాలు వద్దు. ఎన్ని రోజులైంది?"

"పదిహేను."

ఆయన తల ఊపారు. నరాల్లోకి కరెంటు పంపి నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు, దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. సాయంత్రానికి పేరు పెట్టారు: గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్. ఆ మోషన్స్ రోగంతో పోరాడటానికి లేచిన ఒంట్లో సైన్యం పొరపాటున మన నరాల మీదే పడుతుందని వివరించారు. ఒక పెళ్ళి భోజనం ఇంత దూరం తీసుకొస్తుందని నేను అనుకోలేదు.

ఐసీయూలో అయిదు రోజులు ఐవీఐజీ అనే ఖరీదైన మందు ఎక్కించారు. అక్కడ నాకు రోజుకు నాలుగుసార్లు పరీక్ష. "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అనేవారు డాక్టరు. మొదటి సాయంత్రం ఇరవై ఎనిమిది దాకా వెళ్ళాను. మర్నాడు పంతొమ్మిది. ఆ మర్నాడు పదమూడు. "పదికి వస్తే ట్యూబు వేసి వెంటిలేటర్ పెడతాం, కంగారు పడకండి" అన్నారు. చిన్నప్పటి నుంచీ లెక్కల్లో నేను అంతంతమాత్రమే. కాని ఆ పదమూడును రెండు రోజులు పట్టుకుని వేలాడాను. మూడో రోజు పద్నాలుగు అన్నాను. తలుపు దగ్గర మా ఆవిడ లలిత ఏడ్చింది.

ప్రాణం గట్టున పడింది. కాళ్ళు మాత్రం రాలేదు.

"ఎప్పటికి నడుస్తానండీ?" అని డిశ్చార్జి రోజున అడిగాను.

"యాక్సోనల్ టైప్ అండీ మీది, నరం లోపలి తీగే దెబ్బతింది. టైం పడుతుంది. చాలామంది నడుస్తారు."

"అందరూనా?"

"చాలామంది" అన్నారు ఆయన మళ్ళీ.

లలిత స్కూలు టీచరు. సెలవులన్నీ నా మీద ఖర్చయిపోయాయి. పగలు నన్ను చూసుకోవడానికి పెడన నుంచి మా మేనత్త కనకమ్మ ఒక సంచీ, ఒక దిండుతో దిగింది. వచ్చీ రాగానే నా కాళ్ళు చూసి, "ఏరా, సరుకు బానే ఉంది కదా, ఏమొచ్చింది దీనికి?" అంది.

రోజూ పొద్దున ఫిజియోథెరపిస్టు మేరీ గారు వచ్చేవారు. ఆవిడ దగ్గర జాలి అనే మందు స్టాకు లేదు. రెండో నెలలో వాకర్ పట్టుకుని నిలబడ్డాను, ఆవిడ వెనక నడుం పట్టుకుంటే. ఆ ఉత్సాహంలో ఒకరోజు ఒంటరిగా బాత్రూమ్‌కి బయల్దేరి గుమ్మంలో పడ్డాను. మణికట్టు బెణికింది. అసలు బెణికింది అది కాదు. మర్నాటి నుంచి వ్యాయామం మానేశాను. గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. "ఏడిస్తే ఏడవండి సార్, కాలు మాత్రం ఎత్తండి" అనేవారు మేరీ గారు. నేను రెండూ చేయలేదు. ఆ "చాలామంది"లో నేను లేనని నాకు ఖాయమైపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం రిమోట్ నొక్కుతుంటే ఒక పాట వినపడి చెయ్యి ఆగిపోయింది. పాట తెలుగులో ఉంది. బాణీ మాత్రం నాకు పదమూడేళ్ళ వయసులో తెలిసిన బాణీ. తెర మీద పెద్ద బంగళా, మెట్లు, వాటి పక్కన చక్రాల కుర్చీలో వసుధ!

"అత్తా! చక్రాల కుర్చీ సీరియల్!"

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

మా చిన్నప్పుడు, తొంభైల మధ్యలో, అది దూరదర్శన్‌లో హిందీలో మధ్యాహ్నం పూట వచ్చేది. దాని అసలు పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. పెడనలో మా నేతపని వాళ్ళ వీధిలో టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఆ టైముకి మగ్గాలు ఆగేవి. పొద్దున్నుంచీ టకటకలాడే వీధి ఒక్కసారి మూగబోయేది. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ముందు గదిలో కూర్చునేవారు. ఎవరికీ హిందీ రాదు. కనకత్తకు వచ్చు. ఎందుకంటే ఆవిడ షోలాపూర్‌లో పదేళ్ళు కాపురం చేసి, మామయ్య పోయాక తిరిగొచ్చింది. షోలాపూర్‌లో మాట్లాడేది మరాఠీ అని మాకు తెలియదు. ఆవిడా చెప్పలేదు.

నేను స్కూలు నుంచి భోజనానికి వచ్చి సగం చూసేవాణ్ణి, బెల్లు కొడితే పరిగెత్తేవాణ్ణి. మిగతా సగం సాయంత్రం అత్త చెప్పేది. లోపలి గది గుమ్మంలో రాట్నం పెట్టుకుని, కండెలకు నూలు చుడుతూ గట్టిగా చెప్పేది. లోపల మంచంలో మా నాయనమ్మ ఉండేది. పక్షవాతం వచ్చి రెండేళ్ళు. ఆవిడకు టీవీ కనపడదు, వినపడుతుంది. విన్నా అర్థం కాదు. కనకత్త గొంతే ఆవిడ టీవీ.

మెట్ల మీంచి పడి కాళ్ళు పోయిన ఆ కోటీశ్వరుడి కోడలు వసుధ కోసం నేను ఎంత బెంగపడ్డానో చెబితే మీరు నవ్వుతారు. ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి అత్త చెబుతోంది:

"లేచింది! కుర్చీలోంచి లేచింది. ఏడు అడుగులేసింది."

"పట్టుకోకుండానే?" అంది లోపలి నుంచి నాయనమ్మ.

"పట్టుకోకుండానే అమ్మా."

మర్నాడు నేనూ చూశాను. వసుధ బంగళా అంతా తిరుగుతోంది. గోడ మీద ఆవిడదే ఫోటో, దానికి దండ. అదెవరని అడిగితే, "కవలపిల్లరా, దూరంగా ఎక్కడో ఉండేది, పోయింది పాపం" అంది అత్త.

ఇన్నేళ్ళకు ఆ వసుధ మళ్ళీ కుర్చీలోకి వచ్చింది, ఈసారి తెలుగు మాట్లాడుతూ. నేను లేచి కూర్చున్నాను. రోజూ చూడటం మొదలుపెట్టాను. మేరీ గారు రాగానే కాలు ఎత్తడం కూడా మొదలుపెట్టాను. వసుధ లేచే రోజుకి నేనూ లేవాలని లోపల ఒక పందెం. బి.కాం. చదివినవాడు ఇలాంటివి బయటికి చెప్పుకోడు కాబట్టి లలితకు కూడా చెప్పలేదు.

కనకత్త మాత్రం చిత్రంగా ఉండేది. ఆ టైముకి తలనొప్పనేది. వంటల కార్యక్రమం పెట్టమనేది. రిమోట్ బియ్యం డబ్బాలో దొరికింది ఒకరోజు.

"ఇప్పుడు తెలుగులో వస్తోందిగా అత్తా, నీకు కష్టం లేదు. కూర్చో."

"దీంట్లో ఏవుందిరా, అంతా ఏడుపు."

వసుధ ఆస్పత్రిలో చేరిన వారం, ఒక మధ్యాహ్నం టీవీ నిండా చుక్కలు. "కేబుల్ పోయిందిరా" అని అత్త తోటకూర కోసం బజారుకి వెళ్ళిపోయింది. పక్కింటి టీవీలో మా పాట వినపడుతోంది. తల వంచి చూశాను. టీవీ వెనక కేబుల్ వైరు ఊడి, గోడ పక్కన వేలాడుతోంది. దానంతటది ఊడేది కాదు.

మంచానికీ టీవీకీ మధ్య మామూలు మనిషికి నాలుగు అడుగులు. వాకర్ చేతికందే దూరంలో ఉంది. ఎవరూ లేకుండా లేవకూడదని మేరీ గారి ఆజ్ఞ. ఈ రోజు వసుధ లేస్తుంది, నేను చూడను, అనుకుంటే ఉండబట్టలేదు. వాకర్ పట్టుకుని లేచాను. ఎడమ పాదం నేల మీద ఈడ్చుకొచ్చింది. కుడి మోకాలు రెండుసార్లు వంగబోయింది. పదకొండు అడుగులు పట్టాయి. టీవీ బల్ల పట్టుకుని వైరు గుచ్చాను.

బొమ్మ వచ్చింది. వసుధ ఒంటి మీద తెల్లటి దుప్పటి కప్పుతున్నారు. ఫోటోకి దండ వేశారు. ప్రకటనలయ్యాక నైనిటాల్ నుంచి కవల చెల్లెలు కారు దిగింది, అచ్చం అదే ముఖంతో, చలాకీగా నడుస్తూ.

అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు కాబట్టి నిలబడే ఉన్నాను.

అత్త తోటకూరతో వచ్చింది. "అయ్యో అయ్యో! ఎట్టా వచ్చావురా అక్కడికి?"

"నడిచి."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. ఆవిడ చచ్చిపోయిందత్తా."

అత్త ఒకసారి టీవీని చూసింది, తర్వాత నా కాళ్ళను చూసింది. కుర్చీ లాక్కొచ్చి నన్ను కూర్చోబెట్టింది. తనూ కింద కూర్చుంది.

"నీకు అప్పుడే తెలుసా?"

"దండేస్తే తెలవదా? దానికి హిందీ రావాలా ఏంటి?"

"మరి లేచిందన్నావేంటి?"

"లోపల అమ్మ వింటంది కదరా. ఆ పిల్ల కథ వినే రోజూ కాలు కదపాలని చూసేది. పోయిందని చెప్పమంటావా?"

"వీధిలో వాళ్ళంతా చూశారుగా?"

"చూశారు. ఒక్కతీ నోరెత్తలా. మర్నాడు పొద్దున అమ్మ దగ్గరికి వరసనొచ్చి, 'వదినా, ఆ పిల్ల లేచిందంటగా' అని వాళ్ళే చెప్పిపోయారు."

"నాయనమ్మ లేవలేదుగా."

"లేవలా. కూర్చుంది. అంతకుముందు కూర్చునేదా?"

అత్త తోటకూర కాడలు తుంచుతూ ఇంకో మాట అంది. నేను ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరిన ఏడాది ఆ సీరియల్ టీవీలో అయిపోయిందట. "అది అయిపోతే అమ్మ ఊరుకుంటదా? ఆ టైముకి ఏదో ఒకటి పెట్టి, ఆ గోల మీదే చెప్పేదాన్ని. ఇంకో ఏడాది నడిపా, అమ్మ పోయేదాకా."

ఏడాది పాటు ఏ టీవీలోనూ రాని వసుధ కథ! నేను హాస్టల్లో లెక్కలు బట్టీ పడుతుంటే అది మా ఇంట్లో రోజూ నడిచింది. నాకు ఆ క్షణంలో కాళ్ళకంటే అది కావాలనిపించింది.

"ఏమైందత్తా, ఆ ఏడాదంతా?"

"ఏం గుర్తురా. ఏ పూటకా పూట చెప్పడవే." ఇంకో కాడ తుంచింది. "మగ్గం పెట్టింది. అదొక్కటే గుర్తు. ఆ బంగళాలోనే కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వించి మగ్గం పెట్టింది."

"కోటీశ్వరుడి కోడలా?"

"కాళ్ళొచ్చాయి కదా, ఖాళీగా కూర్చుంటదా?"

టీవీ సౌండ్ తగ్గించి, ఇప్పుడు నువ్వే చెప్పమన్నాను. "నీ మొహం, పెట్టరా సౌండు. ఈ చెల్లెలు ఎందుకొచ్చిందో ఇన్నేళ్ళకు నాకు తెలుస్తోంది" అని తెర వైపు తిరిగింది.

మర్నాడు మేరీ గారికి పదకొండు అడుగుల సంగతి చెబితే ముందు తిట్టారు, తర్వాత ఇరవై వేయించారు. ఆరు నెలలకు వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. ఏడాదికి కర్ర కూడా పోయింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఎడమ పాదం ఇంకా కొంచెం వాలుతుంది, బూటులో పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్ వేసుకుంటాను. కొట్టులో పరుపు మీద కాకుండా కుర్చీలో కూర్చుంటాను, మా ఓనరు తర్వాత కుర్చీ ఉన్నది నాకే. కనకత్త పెడన వెళ్ళిపోయింది. వీధిలో మగ్గాలు సగమే మిగిలాయి. ఇంటింటికీ టీవీ ఉంది, అన్నీ తెలుగులోనే వస్తాయి, ఎవరిళ్ళలో వాళ్ళు చూసుకుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సాయంత్రం కొట్టు కట్టే వేళకు ఆవిడకు ఫోన్ చేసి ఇవాళ సీరియల్లో ఏమైందని అడుగుతాను. "నువ్వు చూడలేదా?" అంటుంది. చూసినా, లేదనే చెబుతాను. ఆవిడ చెప్పేది నేను చూసిన దానితో కలవని రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల కోసమే చేస్తాను.

తిమ్మిరి రెండు కాళ్ళ నుంచీ పైకి పాకుతుంటే ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళమని మీకు డాక్టర్లే చెబుతారు. నేను చెప్పేది మంచం పక్కన కూర్చునేవారికి. ఎలా ఉందని అడక్కండి, ఎలా ఉందో రోగికి బాగా తెలుసు. ఏదైనా ఒక కథ మొదలుపెట్టండి, హిందీ రాకపోయినా ఫరవాలేదు. మంచి చోట చూసి ఆపండి. మిగతాది రేపు అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోండి.