జిద్దా మీదుగా లండన్

మా పక్కింటి సుశీలమ్మ వచ్చే నెల లండన్ పోతోంది. అక్కడ వాళ్ళ చెల్లెలికి కాన్పు. ఆదోని నుంచి బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. బొంబాయి ఏజెంటు చెప్పిన మూడు విమానాల వివరాలు వాళ్ళాయన కాగితం మీద రాసిపెట్టి పత్తి అంగడికి పోయాడట. ఆమెకు చదువు రాదు. మధ్యాహ్నం ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది.

మొదటిది నేరుగా పోతుంది. రెండోదైతే రోములో మారాలి. మూడోది అన్నిటికంటే చవక, కానీ జిద్దాలో ఆరు గంటలు ఆగుతుంది. అక్కడ చదవడం ఆపేశాను. హజ్ ఓడకు మూడేళ్ళుగా దరఖాస్తు పెడుతున్నాను. మూడేళ్ళూ వాళ్ళు తీసిన చీటీల్లో నా పేరు రాలేదు.

"జిద్దా అంటే యాడుందక్కా?"

"మక్కాకు పోయేవాళ్ళు దిగే ఊరు."

"ఆడ ఆరు గంటలు కూర్చోని నేనేం సేయాల? సవక గదా అని మాయాయన దానికే మొగ్గుతాండాడు. నువ్వేమంటావు?"

నేను ఏడుస్తూ అడుగు పెట్టాల్సిన నేల మీద ఈమె విసుక్కుంటూ కూర్చుంటుంది. నాకు నిజంగానే కళ్ళు కుట్టాయి.

"అంతసేపు నీ మోకాళ్ళు ఓర్చుకోవు. నేరుగా పోయేదే తీసుకో" అన్నాను మెల్లగా.

"నా మోకాళ్ళ సంగతి మాయాయనకే గుర్తు లేదు, నీకుంది సూడక్కా" అని నా చేయి పట్టుకుంది.

పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు తర్వాత అల్లాకు నిజం చెప్పుకున్నాను. సుశీలమ్మకు ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున వాళ్ళాయన నేరుగా పోయే విమానం టికెట్టుకే బొంబాయికి టెలిగ్రాం ఇస్తాడట. మీరైతే ఈలోగా వెళ్ళి చెప్తారా?