పాలరాతి మీద ఐసు దిమ్మ

"...పులికున్నట్టు నా కాళ్ళకి గోళ్ళున్నాయా ఏంటండీ, నేను నడిస్తే గీతలు పడటానికి?"

"నీ గోళ్ళ సంగతి నేనెత్తలేదు వహీదా. ఐసు గీకిందంటే మాత్రం ఒప్పుకోను. ఐసంటే ఏంటి? నీళ్ళు. నీళ్ళు రాయిని గీకుతాయా?"

"గీకాయి కదా! కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి."

అబ్దుల్ మజీద్ కళ్ళద్దాలు పెట్టుకోలేదు. పెట్టుకుంటే గీతలు కనబడతాయని ఆయనకు తెలుసు.

ఏలూరులో ఆయన్ని ఐసు మజీద్ అంటారు. పెళ్ళి విందులకి, సోడా బళ్ళకి, కొల్లేటి చేపలు ప్యాక్ చేసేవాళ్ళకి ఐసు అమ్ముతాడు. ఫ్యాక్టరీ వ్యాను రాగానే దిమ్మల్ని వీధిలో తనే దించుకుంటాడు. ఇనప కొక్కెం తగిలించి, హాల్లోంచి వెనకగదికి ఈడ్చుకెళ్తాడు. రేకు తొడిగిన పెద్ద చెక్కపెట్టె అక్కడుంది. వీధి అరుగు మీద పడమటెండ కాబట్టి పెట్టె ఇంట్లోకి వచ్చింది. ఆ ఇంటికి పెట్టె ముందొచ్చిందా, వహీదా ముందొచ్చిందా అన్న తగువు ఇంకా తేలలేదు.

ఆ పెట్టెలో ఊక సర్దడం, దాని మీద కూర్చుని టీ తాగడం, మధ్యాహ్నం దానికి వీపు ఆనించి కునుకు తీయడం... మజీద్ బతుకంతా దాని చుట్టూనే నడిచింది. ఇప్పుడు వహీదా దాన్ని పంపించేస్తానంటోంది. కోరి కోరి హాల్లో పాలరాయి పరిపించుకుంటే, నెల తిరక్కుండా దాని మీద గీతలు పడ్డాయి మరి. పెదపాడు దగ్గర చేపల చెరువు గట్టున ఆవిడ తమ్ముడు ఆరిఫ్‌కి షెడ్డుంది. పెట్టె అక్కడికి పోతే మజీద్ కూడా పోవాలి. ఆ గట్టు మీద మాట్లాడదామంటే మనిషి దొరకడు. కొంగలుంటాయి.

సాయంత్రం కూతురు హుమా బడి నుంచి వచ్చింది. సోషల్ టీచరు. గుమ్మంలోంచే "అబ్బా!" అని పిలిచింది.

ఎదురింటి హన్నమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఎక్కడ తగిలిందమ్మా?"

హుమాకి మాటలొచ్చినప్పటి నుంచీ ఇదే వరస. పిల్ల తండ్రిని పిలుస్తోందో, దెబ్బ తగిలి అరుస్తోందో హన్నమ్మకి ఏనాడూ అంతుపట్టలేదు. వచ్చిన మనిషి ఊరికే వెళ్ళిపోదు. ఆ ఇంట్లో తగువు నడుస్తుంటే అసలు వెళ్ళదు.

చదువుకున్న కూతురు ఐసు పక్షాన నిలబడుతుందని మజీద్ ఆశ. కేసంతా చెప్పాడు. హుమా వంగి గీతలు చూసింది. మొహం వెలిగిపోయింది.

"ఎంత బావున్నాయో!"

"బావున్నాయా?" అంది వహీదా.

"అన్నీ ఒకే వైపుకి ఎలా సాగాయో చూడమ్మా. హిమాలయాల్లో కొండరాళ్ళ మీద అచ్చం ఇలాగే ఉంటాయి. అక్కడ కిందటేటి మంచు కరక్కముందే దాని మీద ఈ ఏటిది పడుతుంది. పైబరువుకి అడుగుది నలిగి నలిగి ఐసవుతుంది. ఆ ఐసు తన బరువుకి తనే కొండ దిగుతుంది. ఎంత నెమ్మదిగానంటే..."

"మీ అబ్బా బజారుకెళ్ళి కూరలు తెచ్చినంత."

"దార్లో రాళ్ళని అడుగున అతికించుకుని ఈడ్చుకుపోతుంది. అవి కొండని గీకుతాయి. అలా గీకీ గీకీ లోయల్నే చెక్కేస్తుంది. దాన్ని హిమానీనదం అంటారు."

"నది అనక నదం ఏంటి?" అన్నాడు మజీద్.

"నదం అంటే మగనది, అబ్బా."

"మరే," అంది హన్నమ్మ. "ఈడ్చుకుంటూ పోయేది మగాళ్ళు. గీతలు తుడుచుకునేది మనం."

"ఇప్పుడు భూమి వేడెక్కి అవి కరిగిపోతున్నాయి," అంది హుమా.

మజీద్ ఉలిక్కిపడ్డాడు. ఇది వృత్తికి సంబంధించిన మాట. "ఊక కప్పట్లేదా వాళ్ళు? తాడేపల్లిగూడెం మిల్లుల్లో కావలసినంత ఊక. లారీకెత్తి పంపొచ్చుగా!"

"హిమాలయాలకా?"

"పైన గోనెపట్టాలు కూడా కప్పాలి. లేకపోతే గాలికి ఎగిరిపోద్ది."

"నవ్వులాట కాదబ్బా. ఆ ఐసంతా కరిగితే సముద్రం పెరుగుతుంది. ఉప్పుటేరు మీదుగా ఉప్పునీళ్ళు కొల్లేట్లోకి ఎగదన్నుతాయి."

"అయితే చేపలకి ఉప్పు మనం పట్టించక్కర్లేదన్నమాట," అంది హన్నమ్మ.

"కొండల సంగతి తర్వాత," అన్నాడు మజీద్. "నా ఐసు ఏ కొండా దిగలేదు. పరీక్ష పెట్టండి."

పెరట్లో మిగిలిపోయిన పాలరాతి బండ తెచ్చి హాల్లో వేశారు. మజీద్ పెట్టెలోంచి చిన్న దిమ్మ తీసి, బిందెడు నీళ్ళు పోసి, పెళ్ళికొడుక్కి స్నానం చేయించినంత శ్రద్ధగా కడిగాడు. బండ మీద లాగాడు. ఒక్క గీత పడలేదు.

తను ఎవరి పక్షమో మర్చిపోయి హన్నమ్మ చప్పట్లు కొట్టింది.

"రోజూ ఇలాగే తలంటు పోసి తెస్తున్నారా?" అంది వహీదా. "వీధిలో దించి, అక్కణ్ణించి లాక్కురండి."

పక్కవాళ్ళు ఇల్లు కడుతున్నారు. వీధంతా ఇసుక. మజీద్ శుభ్రమైన చోటు కోసం అటూ ఇటూ చూశాడు.

"రోజూ దించే చోటే!" అని గుమ్మంలోంచి కేక వేసింది వహీదా.

దించాడు. కరుగుతున్న అడుగుకి ఇసుక కరుచుకుంది. తెచ్చి బండ మీద లాగాడు. కర్ర్‌మంది. ఆ చప్పుడికి కంగారుపడి, తడిలో కాలు జారి చతికిలబడ్డాడు.

"అబ్బా!"

హన్నమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "పాపం, వాళ్ళ నాన్నగారిని తల్చుకుంటున్నారు," అంది.

బండ మీద గీతలు కాపీ పుస్తకంలో గీసినట్టు పడ్డాయి. దిమ్మ ఆగిన చోట ఇసుకా, ఊకా, ఒక సోడా మూతా చిన్న కుప్పగా మిగిలాయి.

"హిమానీనదం ఆగిన చోట కూడా ఇలాగే రాళ్ళూ మట్టీ కుప్ప పడతాయి," అంది హుమా. "మొరైన్ అంటారు."

"మేం చెత్త అంటాం," అంది వహీదా.

మజీద్ కింద కూర్చునే ఆఖరి ప్రయత్నం చేశాడు. "నిజం చెప్పమ్మా హుమా. గీకింది ఐసా, ఇసుకా?"

"ఇసుకే అబ్బా. ఉత్త ఐసుకి అంత గట్టిదనం లేదు."

"విన్నావా! ఐసు తప్పేం లేదు. తప్పు లేనిదాన్ని ఇంట్లోంచి గెంటేస్తావా?"

వహీదా ఆలోచనలో పడింది. ఆవిడ న్యాయం తప్పే మనిషి కాదు. మజీద్ భయమంతా అదే.

"ఇసుకలో దించిందెవరు?"

"నేనే."

"తుడవకుండా లాగిందెవరు?"

మజీద్ హన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ తిరగని ఫ్యాను వైపు చూసింది.

"పెట్టె ఇక్కడే ఉంటుంది," అంది వహీదా. "రేపట్నుంచి ఐసు నేనమ్ముతాను. వంట మీరు చెయ్యండి."