బాపు నేసిన తెల్ల గౌను

డెబ్భైల మొదట్లో కరీంనగర్‌లోని మా వాడకట్టులో కుట్టుమిషన్ ఉన్నది మా ఇంట్లోనే. ముందు బొమ్మ గీసి చూపించి, ఆ తర్వాత రవిక కుట్టేది నేనొక్కదాన్నే. పెళ్లికూతుళ్లు ఆ బొమ్మలో తమను చూసుకుని మురిసిపోయేవారు. నాకు గర్వం ఎక్కువని పేరుండేది. ఉన్నదే మరి.

ఒకరోజు దవాఖానలో పనిచేసే నర్సమ్మ ఒక పాత విదేశీ పత్రికలోంచి చింపిన కాగితం తెచ్చింది. సిరాతో గీసిన పెళ్లిగౌను బొమ్మ. సన్నటి నడుము, కింద గంటలా విచ్చుకున్న పావడా. "అక్కా, చర్చిల నా లగ్గానికి గిట్లాంటిదే కావాలె. అయితదా?" అని అడిగింది. చీరే కట్టుకొమ్మని ఆమె ఇంట్లో ఒకటే పోరు. కుట్టలేనని చెప్పడం నా నోటికి రాదు.

గుడ్డ మా బాపు మగ్గం మీదిది, ధోవతుల కోసం నేసిన సన్న నూలు. ఆయన చేతిలో తయారైనవన్నీ చీరలు, ధోవతులు, తువ్వాళ్లు. వాటికి కత్తెరతో పనిలేదు. "నేసిన బట్టను కోసుడేంది బిడ్డా, పాణం తీసినట్టు" అంటూనే ఇచ్చాడు. నేను కత్తెర పట్టగానే బయటికి వెళ్లిపోయాడు.

బొమ్మను పెద్దది చేయడం నాకు ముగ్గుతోనే వచ్చు. కాగితం మీద చుక్కలు పెట్టి, నేల మీద పిండితో అన్నే చుక్కలు ఎడం ఎడంగా పెట్టి, గీతలు కలిపాను. ఎంత ఎడమో నర్సమ్మ భుజాల కొలతను బట్టి పెట్టుకున్నాను. నేల మీద గౌను అచ్చం అలాగే దిగింది. దాని ప్రకారమే కోసేశాను. నడుము కింద కొలత తీయాలనే ఆలోచనే రాలేదు. అంత ధీమా.

పెళ్లి ముందురోజు నర్సమ్మ తొడుక్కుంటే పైభాగం అతికినట్టు సరిపోయింది. పావడా మాత్రం మూరెడు నేల మీద పడింది. బొమ్మ గీసిన మహానుభావుడు అందం కోసం కాళ్లు సాగదీశాడని అప్పుడు తెలిసింది. మా నర్సమ్మేమో పొట్టి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

కత్తెర తీశాను. గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. "మల్లా కోస్తవా?" అన్నాడంతే. కత్తెర పక్కన పెట్టేశాను. ముందువైపు లోపలికి మడిచి కుట్టి, వెనకవైపు మూరెడూ అలాగే వదిలేశాను. "ఎన్కకు రానీ, గదే దాని అందం" అన్నాను నర్సమ్మతో, నాకే నమ్మకం లేకపోయినా.

మర్నాడు చర్చిలో ఆమె నడిచి వస్తుంటే తలలన్నీ అటే తిరిగాయి. "ఏడ కుట్టిచ్చిన్రు?" అని మగపెళ్లివారే అడుగుతున్నారు. వింటూ నేను పొంగిపోతున్నాను. ఇంతలో గోడ పక్కన ఉన్న బాపు గబుక్కున వంగి, నేల మీద ఈడుస్తున్న గౌను కొసను రెండు చేతులతో ఎత్తి పట్టాడు. తన నేత దుమ్ము కొట్టుకుపోతుంటే చూడలేకపోయాడు. అలాగే పట్టుకుని, తలకు తువ్వాలతో, పాస్టరు ముందుదాకా ఆమె వెనకే నడిచాడు. అదంతా పద్ధతేనని అందరూ అనుకున్నారు.

బయటికి వచ్చాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"మంచిగ కోసినవ్ బిడ్డా" అన్నాడు.