అన్న పెట్టిన ముద్ద

అది 1954. కొరియాలో యుద్ధఖైదీలకు కాపలా వెళ్ళిన పటాలం నుంచి మా అన్న ఆళ్లగడ్డకు తిరిగొచ్చాడు. గడపలో కాళ్ళకు నీళ్ళిచ్చి, దిష్టి తీశాం. దూరం పోయొచ్చినవాడు తన చేత్తో అందరికీ సంగటి ముద్ద పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. మొదటి ముద్ద నా మూడేళ్ళ కూతురి నోట్లో పెట్టాడు.

రెండు రోజులకే పిల్లకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి.

"ఏం కాదులేమ్మే. ఓడలో నాకూ ఇట్లే అయితే ఈ బిళ్ళలే మింగినా" అని అన్న తన సంచిలోని సల్ఫా బిళ్ళలు పొడి చేసి పట్టించాడు. తగ్గలేదు. మర్నాటికి పిల్ల కళ్ళు తేలేసింది. నంద్యాల బస్సెక్కాం. సగం దారిలోనే ఒళ్ళో పిల్ల విరేచనాలకు నా చీరంతా తడిసింది.

"కలరా ఏమో, దించండప్పా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కలరా కాదు, మందేసినా!" అని అన్న మీదికి పోయాడు. నేను మాత్రం ప్రతి మైలురాయి దగ్గరా పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు బిళ్ళ చూసి, "నువ్వు యాడ నుంచి వచ్చినావప్పా?" అని అడిగాడు. అన్న కొరియా సంగతీ, ఓడలో తనకు పట్టిన విరేచనాల సంగతీ చెప్పాడు.

"ఆ పక్క అందరూ ఇవే మింగి మింగి, ఆ క్రిములు వీటికి చావడం లేదంట. నీకు విరేచనాలు కట్టినాయి గానీ క్రిమి నీ కడుపులోనే ఉండాది. నీ చేతి నుంచే పిల్లకు వచ్చింటాది."

అన్న తన చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు.

వేరే మందుతో పిల్ల బతికింది. లేచి కూర్చోగానే, "మామా, ముద్ద" అని నోరు తెరిచింది. అన్న చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఇప్పుడు మా గడపలోకి ఎవరొచ్చినా ముందు చేతులకే నీళ్ళు పోస్తాను. కాళ్ళ సంగతి తర్వాత.