అరిగిన పటిక

గద్వాలలో మా పక్కింటి ఇబ్రహీం సారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఒంటరి మనిషి. చాయ్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయేవారు గానీ, గాజుసీసాలోని పటికనీళ్లలో దారానికి వేలాడదీసి పెంచుతున్న పటికను చూసుకోవడం మాత్రం మరిచేవారు కాదు. ఏళ్ల తరబడి పెరిగి అది నిమ్మకాయంత అయింది. దాని పలకలు అద్దంలా ఉండేవి. పిల్లనిచ్చేవాళ్లు దొరక్క పటికను పెంచుకుంటున్నాడని నేను ఎగతాళి చేసేదాన్ని.

2009 ఎండాకాలంలో బిజినేపల్లి నుంచి ఆయన అక్క షంషాద్ వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒక సంచిలో బట్టలు తెచ్చుకుంది. ఉతికి ఆరేసిన బట్టను మళ్లీ మడిచి ఆ సంచిలోనే పెట్టేది. తమ్ముడింట్లో బీరువా ఉండి కూడా! చూస్తే నాకు ఒళ్లు మండేది.

అక్టోబరులో కృష్ణ పొంగింది. నల్లాలో ఎర్రమన్ను నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు మా వైపు ఎవరైనా చేసే పనే షంషాద్ చేసింది. ఇంట్లో సీసాలో కనిపించిన పటికను బిందెలో గిరగిరా తిప్పింది. పుణ్యానికి మా బిందెలో కూడా తిప్పింది. సాయంత్రం సారు వచ్చేసరికి నీళ్లు తేటపడ్డాయి, పటిక వాడిన సబ్బుముక్కలా గుండ్రంగా అరిగిపోయింది.

ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. షంషాద్ సంచి భుజానికి తగిలించుకుంది.

“పోయొస్త ఇబ్రహీం. నేనుంటె నీకు నష్టమే.”

“ఏడికి పోతవ్ ఆపా? జర కూసో.”

సారు బజారు పటికను వేడినీళ్లలో కరిగించి, చల్లారాక అరిగిన దాన్ని అందులో వేలాడదీశారు.

“దీని మీద మన కంటికి కానరాని మెట్లుంటయ్ ఆపా. అణువంత ఎత్తు. నున్నటి పలక మీదికొచ్చిన రేణువుకు పట్టు దొరకదు, మళ్ల నీళ్లలకే పోతది. మెట్టు అంచు దొరికితెనే నిలుస్తది. అరిగిన కాడ అన్నీ మెట్లే. జూడు, ముందుగాల ఆడనే నిండుతది.”

“గట్లెట్లయితది?”

“నమ్మకుంటె, నిండేదాంక ఉండి చూడు.”

ఫిజిక్స్ సంగతి నాకు తెలియదు. అక్క ఆగాలని ఆ మనిషి ఎంత తపించాడో మాత్రం గడపలో నిలబడి చూశాను.

షంషాద్ ఆగింది. దుమ్ము పడకుండా సీసా మీద బట్ట కప్పేది, పొద్దున లేవగానే బట్ట తీసి చూసేది. కొన్నాళ్లకు గుండ్రటి చోట్ల మళ్లీ పలకలు ఏర్పడ్డాయి, మూలలు తేలాయి. లోపల ఒక సన్నటి మసక పొర మాత్రం ఉండిపోయింది.

“నిండింది గదా,” అంది షంషాద్, దాన్ని వెలుతురుకు పట్టి. “ఇగ నేను పోవాల్నా?”

సారు పటికను ఆమె చేతిలోంచి తీసుకున్నారు. బిందె దగ్గరికి పోయి, చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి గిరగిరా తిప్పారు.

“మళ్ల అరిగింది ఆపా,” అన్నారు. “నిండేదాంక ఉండాలె.”

ఆ సంచిలో ఇప్పుడు వాళ్లు ఉల్లిగడ్డలు పోసుకుంటున్నారు.