జట్టు పంపకాలు

మా జట్టు ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే నా ముక్కు పగిలింది. పగలగొట్టింది అవతలి జట్టువాళ్లు కాదు, మా బౌలరే. పుల్లలచెరువు దాటి ఇంకా లోపలికి పోతే అడవి అంచున ఉన్న పల్లె వాడిది. అప్పటికి వాడు వేసే బంతి ఎక్కడ పడుతుందో వాడికే తెలియదు. వికెట్ల వెనక కూర్చున్న నా గ్లౌజుల మధ్యలోంచి దూసుకొచ్చి ముక్కు మీద పడింది. వాడు ఉరుకెత్తుకుంటూ వచ్చి నా మొహం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నా, సచ్చినానన్నా, చూసుకోలేదు" అన్నాడు.

"చూసుకోవాల్సింది నేను గదరా. నువ్వు వెయ్యి" అన్నాను నెత్తురు ఉమ్మేసి.

అప్పటి నుంచి వాడు నాకు తమ్ముడు. మా కులాలు వేరు, మా ఇంట్లో దేవుడి పటాలు, వాళ్లింట్లో బైబిలు. అయినా నాకు సొంత తమ్ముడున్నా ఇంతకన్నా ఎక్కువ చూసుకునేవాణ్ని కాదు.

మార్కాపురంలో ఆటగాళ్లను వేలంలో కొనే లీగు మొదలైన కొత్త అది. పలకల క్వారీ, ఫ్యాక్టరీ ఉన్న అన్నదమ్ములిద్దరు కలిసి మా జట్టును పెట్టారు. ఊరంతా వాళ్లను పెద్దన్న, చిన్నన్న అనేది, మేమూ అట్లాగే అనేవాళ్లం. నేను వాళ్ల ఫ్యాక్టరీలోనే పలకలు కోసే మిషన్ మీద పనిచేస్తూ సాయంత్రాలు కీపింగ్ చేసేవాణ్ని. వేలం కల్యాణ మండపంలో జరిగింది. ఒక్కొక్కరినే స్టేజీ ఎక్కించి, ఇటు తిరుగు, అటు తిరుగు అని చూసి, మైకులో పాట పాడారు. పశువుల సంతలో అయితే పళ్లు కూడా చూస్తారు, ఇక్కడ అదొక్కటే తక్కువ. కానీ వీపు మీద పేరు రాసిన జెర్సీ ఇచ్చారు, నెలనెలా జీతమన్నారు. ఆ రోజు నాకు ఏదీ తప్పనిపించలేదు. ఇంటికి పోయి అమ్మకు జెర్సీ చూపించి మురిసిపోయాను.

మా గ్రౌండు ఫ్యాక్టరీ వెనక, విరిగిన పలకల గుట్టల పక్కన ఉండేది. డైవ్ కొడితే మోకాలి చర్మం అక్కడే మిగిలేది. మొదటి ఏడాది అందరికన్నా కింద నిలిచాం. రెండో ఏడాది దర్శి జట్టుతో ఒక రనౌట్ దగ్గర మాటా మాటా పెరిగి, స్టంపులు పీక్కుని కొట్టుకున్నాం. మధ్యలో అడ్డొచ్చిన అంపైర్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. చిన్నన్న ప్యాంటు పైకి మడుచుకుని గ్రౌండులోకి దూకి ఒకడి చెవి కొరికాడు. ఓనరు చెవి కొరికే జట్టు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. జనం మాత్రం మరుసటి మ్యాచ్‌కు రెట్టింపు వచ్చారు.

మూడో ఏడాదికి మా బౌలర్‌కు గురి కుదిరింది. బంతి వాడి మాట వినడం మొదలయ్యాక ఎదుటి బ్యాట్స్‌మన్‌లకు పక్కటెముకలు మిగల్లేదు. గిద్దలూరు జట్టు ఓపెనర్ ఒకడు వాడి ఓవర్ మధ్యలో బ్యాటు కింద పెట్టి, కడుపునొప్పి అని చెప్పి వెళ్లిపోయాడు. కప్పు మాదే. రాష్ట్ర స్థాయి లీగులో ఆడే ఒక జట్టువాళ్లు వాణ్ని చూసి, వచ్చే సీజన్‌కు సెలక్షన్ పెడుతున్నాం, రమ్మని కబురు పంపారు. వాడి అమ్మానాయనలు ప్రతి ఏటా మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోతారు.

"సెలెక్టయితే అమ్మను ఇంక కోతకు పంపనన్నా. చేతులు మండుతున్నాయని ఏడుస్తాది" అని వాడు నాతో అన్నాడు. వాడికి కావలసింది అంతే. అది వాడి కుడి చేతి మీద ఆధారపడి ఉంది, ఆ సంగతి మా జట్టులో అందరికీ తెలుసు.

కప్పు గెలిచిన ఊరేగింపులోనే అన్నదమ్ములు చెడ్డారు. కప్పు పట్టుకుని జీపు మీద ఎవరి కొడుకు నిలబడాలన్నది తగువు. పెద్దన్న కొడుకు మోచేత్తో పొడిస్తే చిన్నన్న కొడుకు జీపు మీద నుంచి తారురోడ్డు మీద పడ్డాడు. ముందు పళ్లు రెండు ఊడాయి. డప్పులు ఆగాయి, బూతులు మొదలయ్యాయి. ఆ కప్పుతోనే చిన్నన్న తన సొంత అన్న నుదురు మీద కొట్టాడు. ఇన్నేళ్లూ ఒకే కంచంలో తిన్నవాళ్లు నెల తిరగకుండా పంపకాలకు కూర్చున్నారు.

వాళ్లింటి ఆనవాయితీలో పెద్దవాడు భాగాలు పెడతాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పొలం, క్వారీ, ఫ్యాక్టరీ, బత్తాయి తోటలు, ట్రాక్టర్లు అన్నీ అట్లాగే రెండు భాగాలయ్యాయి. మమ్మల్ని కూడా రమ్మంటే జీతాల గురించేమో అనుకుని వెళ్లి వసారాలో నిలబడ్డాం.

"ఇంకేముంది?" అని అడిగాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

"జట్టు ఉంది గదా మామా" అన్నాడు పెద్దన్న.

ఎవరూ నవ్వలేదు. పెద్దన్న లేచి వచ్చి, ఒక్కొక్కరి భుజం పట్టుకుని కొందర్ని గోడ వైపు, కొందర్ని మెట్ల వైపు నిలబెట్టాడు. మా ఓపెనర్‌కు రోషమొచ్చింది.

"ఇదేందన్నా, మేమేమన్నా గొడ్లమా?"

"గొడ్లకు జీతమిస్తారేందిరా? నిలబడు అట్ల" అన్నాడు పెద్దన్న.

ఆయన తెలివంతా అందులో చూపించాడు. సిక్సర్లు కొట్టేవాళ్లందరినీ, నన్నూ ఒక వైపు పెట్టాడు. బౌలర్‌నూ, పనికిరానివాళ్లనూ రెండో వైపు పెట్టాడు. చిన్నన్నకు సిక్సర్ల పిచ్చి, కళ్లు మూసుకుని మమ్మల్ని కోరుకుంటాడు, బౌలర్ తనకు మిగులుతాడు అన్నది ఎత్తు. చిన్నన్న మమ్మల్ని చూశాడు, వాళ్లను చూశాడు, అన్న మొహం చూశాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం కదా. నేరుగా వెళ్లి బౌలర్ చెయ్యి పట్టుకున్నాడు. పెద్దన్నకు మెడ మీద నరాలు లేచాయి. నా తమ్ముడు నా వైపు చూశాడు. నేను మెట్ల దగ్గర, వాడు గోడ దగ్గర. ఇద్దరి మధ్యా చెప్పుల కుప్ప.

తర్వాతి సీజన్‌లో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. సెలక్షన్ ఇంకో వారంలో ఉందనగా మ్యాచ్. ముందు రోజు పెద్దన్న నన్ను ఫ్యాక్టరీ షెడ్డులోకి పిలిచాడు.

"రన్ తీసేటప్పుడు వాడి మీదికి పో. చెయ్యో కాలో పోవాల. ఆటలో అయినట్టే ఉండాల" అన్నాడు.

"నేను చెయ్యను."

"నా తిండి తింటున్నావురా."

"నా పని నేను చేసి తింటున్నా. ఆ మాట ఇంకోసారి అంటే మిషన్‌లో నీ చెయ్యే పెడతా" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వును చూసి నేను తమ్ముడికి ఫోన్ చేసి, రేపు ఎక్కడా ఒంటరిగా నిలబడొద్దని గట్టిగా చెప్పాను. "ఏం కాదులే అన్నా" అన్నాడు వాడు.

మ్యాచ్‌లో వాడు నన్ను వదల్లేదు. అవతల చిన్నన్న బౌండరీ దగ్గర నిలబడి "లేవకుండా కొట్టురా నీ అన్నను" అని కేకలు. మొదటి బంతి నా పక్కటెముకల మీద పడి ఊపిరి ఆగింది. రెండోది హెల్మెట్ జాలీకి తగిలి చెవుల్లో గంటలు మోగాయి. వాడు దగ్గరికి వచ్చి తల వంచి "తగిలిందా అన్నా?" అని మెల్లగా అడిగాడు. "తగల్లేదు, పోరా" అన్నాను. మూడో బంతికి నా మధ్య స్టంపు రెండు ముక్కలైంది. నాకు నొప్పి ఉంది, కోపం ఉంది, వాటన్నిటికన్నా గర్వం ఎక్కువగా ఉంది. ఈ చెయ్యి పెద్ద గ్రౌండులో వేస్తుంది, టీవీలో చూస్తాను అనుకుంటూ బయటికి నడిచాను. మా జట్టు ఓడిపోయింది.

మా వైపు పగ వస్తే మనిషి జోలికి పోవడం ఆఖరి మాట. ముందు బోరు మోటారు పగలగొడతారు, గడ్డివాము అంటిస్తారు, కాపుకొచ్చిన తోట నరుకుతారు. ఎదుటివాడికి ఏది కూడు పెడుతుందో దాన్ని లేకుండా చెయ్యడమే పగ. పెద్దన్న తన లెక్కలో తాను మనిషి జోలికి పోలేదు, చిన్నన్న ఆస్తి జోలికి పోయాడు. పట్టపగలు, బహుమతులు ఇస్తుండగా, టెంటు వెనక ఈ పని జరిగింది.

కేక విని ప్యాడ్లతోనే ఉరికాను. క్వారీలో బండలు కొట్టే ముగ్గురు. ఇద్దరు వాణ్ని బోర్లా పడేసి మోకాళ్లతో తొక్కిపట్టారు. కుడి చెయ్యి ఒక పెద్ద పలక మీద చాపి ఉంది. మూడోవాడి చేతిలో సమ్మెట. నేను చేరేసరికి రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది నా కళ్లముందే పడింది. పలక పగిలిన చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు వచ్చింది, దాన్ని రాయడం నా వల్ల కాదు. చేతికి దొరికిన బ్యాటుతో సమ్మెటవాడి దవడ మీద కొట్టాను, వాడు కూలబడ్డాడు. మిగతా ఇద్దరూ నన్ను నేల మీద వేసి తొక్కారు. ఆ మాటకొస్తే వాళ్లు కూడా నాకు తెలుసు, ఫ్యాక్టరీలో ఒకే కుండలో నీళ్లు తాగేవాళ్లం. జనం వచ్చేసరికి పారిపోయారు. తమ్ముడు అరవడం మానేసి తన చేతి వైపు చూస్తున్నాడు. మణికట్టు కింద వేళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయి.

మార్కాపురంలో కట్టు కట్టి ఒంగోలుకు పంపారు. అక్కడ ఆపరేషన్ చేసి లోపల ప్లేట్లు వేశారు. మళ్లీ బౌలింగ్ వెయ్యగలడా అని నేను అడిగితే డాక్టరు నా వైపు జాలిగా చూశాడు.

"అన్నం కలుపుకోగలిగితే సంతోషించండి" అన్నాడు.

వాళ్లమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. మిరపకాయల కారానికి ఎర్రబడ్డ ఆమె చేతులు చూడలేక నేను బయటికి వచ్చి గోడను గుద్దాను. సెలక్షన్ రోజు వాడు ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు.

ఈలోగా చిన్నన్న మనుషులు పెద్దన్న బత్తాయి తోటను మొదళ్లకు నరికేశారు. నా తమ్ముడి మీద ప్రేమతో అనుకుని నేను కాస్త కరిగాను కూడా. పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు, ఈసారి ఫ్యాక్టరీ షెడ్డులో. సాక్షిగా నన్ను పిలిచారు. కట్టుతో వచ్చిన తమ్ముణ్ని మాత్రం బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"వాడి బౌలర్ పోయినాడు, వీడి తోట పోయింది. చెల్లుకు చెల్లు" అన్నాడు పెద్దమనుషుల్లోని ఆ మామ.

"అదెట్ల మామా?" అన్నాడు చిన్నన్న. "తోట మళ్లీ చిగురేస్తాది. నాకు చెయ్యి చిగురేస్తాదా?"

నాకు, అన్నాడు. నాకు చెయ్యి. నేను సరిగ్గానే విన్నాను.

పెద్దమనుషులు తలలు ఆడించారు. మాటలో న్యాయముందన్నారు. పెద్దన్న కాసేపు గడ్డం గోక్కుని నా వైపు వేలు చూపించాడు.

"సరే, ఈ కీపర్‌ను తీసుకో. ఇంగ దాంతో అయిపాయె."

చిన్నన్న నన్ను కిందికీ పైకీ చూసి, సరేనన్నాడు. ఇద్దరూ నెత్తురు చూసుకున్నాక మొదటిసారి ఒకరికొకరు సిగరెట్లు ఇచ్చుకున్నారు. నేను పక్కనున్న ఇనుప కుర్చీ ఎత్తి పెద్దన్న మీదికి విసిరాను, ఆయన పక్కకు జరిగితే చిన్నన్న మోకాలికి తగిలింది. అప్పుడు మాత్రం అన్నదమ్ములు కలిసిపోయారు. వాళ్ల మనుషులు ఇటు నలుగురు అటు నలుగురు కలిసే నన్ను కుమ్మి గేటు బయట పడేశారు.

తమ్ముడు ఎడమ చెయ్యి ఇచ్చి నన్ను లేపాడు.

"ఏమైందన్నా? నా చెయ్యి మాట వచ్చినాదా?"

"వచ్చింది. నీ చెయ్యి చిన్నన్నదంట. దానికి బదులు నన్ను ఆయనకిచ్చినారు."

వాడు "పా అన్నా" అని ముందు నడిచాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయాం. ఎస్సై మా ఇద్దరి వాలకం చూసి, ఇదేదో పెద్దన్న, చిన్నన్నల గొడవే అని పసిగట్టాడు.

"మీరు ఎవరి మనుషులు? పెద్దాయన మనుషులా, చిన్నాయన మనుషులా?" అన్నాడు. మా ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది అదే.

తమ్ముడు కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టాడు.

"ఇది నా చెయ్యి సార్" అన్నాడు. "వాళ్లది కాదు. నాది. విరగ్గొట్టినారని రాసుకోండి."

వాడి గొంతు అంత గట్టిగా నేను గ్రౌండులో కూడా వినలేదు. ఎస్సై రైటర్‌ను పిలిచాడు. అంతా రాశాక సంతకం పెట్టమన్నారు. ఇంటర్ పాసైన నా తమ్ముడు ఎడమ చేతి బొటనవేలు సిరా మెత్త మీద అద్ది, ముద్ర వేశాడు.