పటం కథకు ఊ కొట్టిన సాయంత్రం

నా చిన్నప్పుడు నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. ఎవరేం చెబుతున్నా సగంలో లేచిపోయేదాన్ని. ఈ పిల్ల కాళ్లకు చక్రాలున్నాయని ఇంట్లో అందరూ తిట్టేవారు. ఆ పాడు అలవాటు ఒక్క సాయంత్రంతో వదిలింది, అదీ భయంతో వదిలింది.

మాదాపూర్‌లో అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటికి కాస్త ఎడంగా పెద్ద తోట, తోట మధ్యలో ఒక మ్యూజియం ఉండేవి. ఆదివారాలు అక్కడ పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పేవారు. కొత్తగూడలో మా పక్కింటి అక్క నన్ను తీసుకెళ్లేది. ఆ ఆదివారం క్లాసు అయ్యాక, పటం కథ చెప్పే తాత వచ్చాడని మమ్మల్ని తోటలోని మంటపంలో కూర్చోబెట్టారు. ఆయన తన పటాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తున్నాడట. మర్నాటి నుంచి అది ప్రదర్శనలో అద్దం వెనక ఉంటుంది కాబట్టి, చివరిసారిగా కథ చెప్పమన్నారు.

మంటపం అంచున వేలాడదీసిన ఆ గుడ్డ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మనూ పుల్లతో చూపిస్తూ ఆయన చెప్పాడు. తప్పిపోయిన కొడుకు కోసం ఒక తల్లి ఊరూరా వెతుకుతోంది. ఆమె వల్లకాటి దగ్గరికి చేరేసరికి ఆకాశం నిండా మబ్బు పట్టింది. టైం అయిపోయిందని మైకులో చెప్పారు. ఆ మాట పూర్తికాకముందే జనం చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. నన్ను అక్కడే ఉండమని చెప్పి అక్క ఆటో కోసం గేటు దాకా పరుగెత్తింది. నేనూ లేవబోయాను.

"జర కూసో బిడ్డా," అన్నాడు తాత. "ఇప్పిన పటం నడుమల చుట్టొద్దు. రేపు అద్దంల పెడ్తరు, ఇగ కథ చెప్పేటోడు ఉండడు. ఆ తల్లి గా వల్లకాట్లనే ఉండిపోతది. నువ్వు ఊ కొడ్తె చాలు, నేను చెప్త. గిన్నేండ్లు మా ముసల్ది ఊ కొట్టేది. మొన్న ఎండకాలంల పోయింది."

ఒక పెద్దమనిషి నన్ను బతిమాలడం అదే మొదలు. కూర్చున్నాను.

వాన మొదలైంది. తోటలో వెలుతురు తగ్గిపోయింది. పటంలోని తల్లి కళ్లు పెద్దవి, తెల్లనివి. ఎటు జరిగినా నన్నే చూస్తున్నాయి. ఆమె ఒక్కో గుంత దగ్గరా వంగి కొడుకును పిలుస్తోందని చెప్పి, ఆ పిలుపును తాత ఆడగొంతుతో వినిపించాడు. భయంతో నేను ఊ కొట్టడం మరిచాను. తాత ఆగాడు. పుల్లను బొమ్మ మీదే ఉంచి నా ఊ కోసం చూస్తున్నాడు.

"ఊ," అని వినిపించింది.

అన్నది నేను కాదు. ముసలి ఆడమనిషి గొంతు, పటం వెనక నుంచి. వంగి గుడ్డ కిందుగా చూశాను. తడిసిన గడ్డి తప్ప ఎవరి కాళ్లూ లేవు. తాత అటు తిరిగి చూడను కూడా లేదు. కండువాతో కళ్లు తుడుచుకుని కథ అందుకున్నాడు. ప్రతి మాటకూ అటు నుంచి ఊ వస్తూనే ఉంది. పారిపోదామని ప్రాణం కొట్టుకుంది కానీ, ఆ తల్లిని వల్లకాట్లో వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. కాసేపటికి నేనూ గొంతు కలిపాను. చివరి బొమ్మలో కొడుకు దొరికాడు. తాత పటం చుట్టాడు. ఆ తరవాత వాన చప్పుడొక్కటే మిగిలింది.

అదెవరని అడిగాను.

"నాకెరుకున్న గొంతే బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఆమె ఎన్నడు కథ నడుమల లేచిపోలె," అన్నాడు.

ఆటోతో తిరిగొచ్చిన అక్క నా వణుకు చూసి జ్వరమనుకుంది.

ఇప్పుడు మా ఇంటి పిల్లలకు నేను పెద్దమ్మను. ఎవరేం చెప్పినా పెద్దమ్మ చివరిదాకా వింటుందని, నాది మంచి మనసని అంటారు. అందులో సగం భయమేనని వాళ్లకేం తెలుసు. నేను ఊ కొట్టడం ఆపిన చోట ఇంకో గొంతు అందుకుంటుందేమోనని ఇప్పటికీ భయమే. ఏ గొంతూ అందుకోకపోతే ఆ చెప్పేవాళ్లు ఏమైపోతారోనని అంతకంటే భయం.